కార్డ్స్ పేజీ పోతే గగ్గోలెందుకు?

క్రైస్తవ వాద్యకారుల కోసం పెట్టిన కార్డ్స్ (పాట వెనక కలిపి మోగించే స్వరాల గుత్తులు), నొటేషన్ల విభాగాన్ని ఏ సైటు ఎత్తేసినా ఆరాధన బృందాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. ఇది కొత్తేం కాదు. సంగీత ప్రచురణకర్తల నోటీసులతో 2006లో ఆన్‌లైన్ గిటార్ ఆర్కైవ్ మూతపడింది. 2009లో సొంత వెబ్ పేజీలు పెట్టుకునే జియోసిటీస్‌తో పాటు లెక్కలేనన్ని సొంత పేజీలు పోయాయి. తప్పు సైటుది కాదు, పాటల పెట్టెను పొరుగింట్లో దాచుకున్న మనది.

యూట్యూబ్ ఉందిగా అంటారు. ఉంది, గాయకుడి శ్రుతిలో. ‘డి’ శ్రుతిలో రికార్డయిన పాటను సంఘంలో అక్కలు ఎత్తుకుంటే ‘జి’ కావాలి. ఆ మార్చిన కార్డ్స్ వీడియో చెప్పదు. రచయితల హక్కుల మాట మాత్రం న్యాయమే. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఆరాధనలో పాడుకోవడానికి మినహాయింపు ఇచ్చింది గానీ, అచ్చేసి పంచడానికి కాదు. రచయిత పోయి 60 ఏళ్లు దాటిన పాత కీర్తనలకు ఆ అడ్డూ లేదు.

సైటు పోయేలోగా స్క్రీన్‌షాట్లు తీయడం దండగ. బొమ్మలో శ్రుతి మార్చలేరు. లాగిన్ వెనకున్న పాటలు పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌కూ చిక్కవు. వర్డ్‌లోకి కాపీ చేస్తే ఇంకో గండం. పై వరుసలో కార్డ్స్, కింద సాహిత్యం, రెంటినీ జతగా నిలిపేది ఖాళీలే. ఇంగ్లిష్‌లో అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పున్న ఫాంటు పెడితే సరి. తెలుగులో ‘ర’కీ ‘స్తో’కీ ఒకే వెడల్పు ఎక్కడుంది? ఫాంటు మారగానే ‘ఏ మైనర్’ కార్డ్ రెండక్షరాలు పక్కకు జరుగుతుంది, గిటార్ తప్పుతుంది. యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో కొట్టిన పాటలైతే ముందు యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు కళ్లతో సరిచూసుకోవాలి.

దీనికి విరుగుడు కార్డ్‌ప్రో అనే రాత పద్ధతి. మామూలు టెక్స్ట్ ఫైలే. పాట పేరు, కీ (శ్రుతి), క్యాపో (శ్రుతి పెంచడానికి గిటార్ మెడకు బిగించే క్లిప్పు) ఎక్కడో పైన ఫ్లవర్ బ్రాకెట్లలో రాయాలి. కార్డ్ మారే చోట అక్షరం ముందే చదరపు బ్రాకెట్లో దాని పేరు పెట్టాలి. ‘స్తోత్రము’లో ‘స్తో’ ముందో ‘త్ర’ ముందో పడాలి. వత్తుకీ గుణింతానికీ నడుమ దూరిస్తే అక్షరం విరిగి చుక్కల సున్నా వస్తుంది. ఆన్‌సాంగ్, సాంగ్‌బుక్‌ప్రో యాప్‌లు ఈ ఫైలును తెరిచి ‘జి’ నుంచి ‘ఏ’కి చిటికెలో మారుస్తాయి. కీబోర్డు ట్రాన్స్‌పోజ్ +2లో (శ్రుతి రెండు మెట్లు పైకి) ఉండి జి కార్డ్సే వాయిస్తుంటే, అవే కార్డ్స్ పట్టే గిటార్‌కు క్యాపో రెండో ఫ్రెట్ మీద ఉండాలి. అదీ రాసి పెట్టండి, లేదంటే ఆదివారం ఉదయం మొదటి పాటకే గొడవ.

అసలు నా కోపం వేరే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనల తలపై రాగం, తాళం ఉంటాయి. కార్డ్స్ పేజీలు వాటిని కోసేసి సి, ఎఫ్, జి అంటించాయి. మోహన రాగంలో మధ్యమం (మ), నిషాదం (ని) లేవు. సి శ్రుతిలో ఎఫ్ కార్డ్ మధ్యమాన్నీ, జి కార్డ్ నిషాదాన్నీ తెచ్చి రాగంలో కుమ్మరిస్తాయి. మూడు స్వరాల కార్డ్స్‌లో పూర్తిగా ఇమిడేవి సి, ఏ మైనర్ రెండే. జి తప్పదనుకుంటే మధ్య స్వరం వదిలి జి, డి స్వరాలు మాత్రమే నొక్కాలి. మూడు లెక్కల రూపక తాళంలో ఉన్న కీర్తనకు రిథమ్ ప్యాడ్ మీద నాలుగు దెబ్బల బీటు పెడితే తాళం రెండో చుట్టుకే పల్లవి తప్పుతుంది. కార్డ్‌ప్రోలో కామెంట్ లైను ఉంది. కొత్త ఫైల్లో కీ కింద రాగం, తాళం అక్కడ చేర్చండి.