మార్కులతో పాటు నెలసరి గురించీ అడగండి

విదేశాల్లో స్థిరపడిన మనకు తిరుపతి ప్రయాణమంటే విమానం టికెట్టు, దర్శనం టికెట్టు, ఇంట్లో ఆడవాళ్ళ డేట్లు మూడూ కలిసిరావలసిన వ్యవహారం. కలిసిరాదని అనుమానం వస్తే మందుల షాపుకు వెళ్ళి నెలసరిని వాయిదా వేసే మాత్రలు తెచ్చుకోవడం ఎంత మామూలైపోయిందంటే, దాన్ని మందు వేసుకోవడం కింద కూడా ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఆ మాత్రల సంగతి తర్వాత చెబుతాను. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది, మన ఇళ్ళలో నెలసరి ప్రస్తావన వచ్చే సందర్భం దాదాపుగా అదొక్కటే కావడం. గుడికి అడ్డొస్తుందా, పెళ్ళికి అడ్డొస్తుందా అని అడుగుతాం గానీ, ఎందుకు ఆలస్యమైంది, ఎన్ని నెలలుగా రావడం లేదు అని అడగం.

మా అక్క కూతురు తిరుపతిలోనే ఒక హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. తెల్లవారుజామున ఐదింటికి లేపి స్టడీ అవర్లో కూర్చోబెడతారు. రాత్రి పదిన్నర దాటితే గానీ పక్క ఎక్కనివ్వరు. టిఫిన్ దగ్గర వరుస పెద్దదిగా ఉంటే తినకుండానే క్లాసుకు పరుగెత్తడం అలవాటైపోయింది. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు జాకెట్లు వదులైపోయాయని గమనించిన మా అక్క నిలదీస్తే, మూడు నెలలుగా నెలసరి రాలేదని అప్పుడు చెప్పింది. ఇదేమిటని నేను ఫోన్లో అడిగితే, "ఎగ్జామ్స్ అయిపోతే అదే వస్తుందిలే చిన్నమ్మా, ఇప్పుడు రాకపోవడమే హాయిగా ఉంది" అంది. ఆ మాట నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. వారం వారం పరీక్షల ర్యాంకు తల్లిదండ్రుల ఫోనుకు మెసేజ్‌గా వచ్చే ఏర్పాటున్న చోట, ఆడపిల్లకు మూడు నెలలుగా నెలసరి ఆగిపోయిందన్న కబురు మాత్రం ఇంటికి చేరలేదు.

మా అక్క ఆ పిల్లను తీసుకెళ్ళి చూపిస్తే, డాక్టరమ్మ ముందుగా అడిగింది రాత్రి ఎన్నింటికి పడుకుంటావని, పొద్దున ఏం తింటావని. ఆ ప్రశ్నలకు శాస్త్రీయమైన కారణముంది. అండాశయాలకు ఆదేశాలు మెదడులోని హైపోథాలమస్ నుంచి మొదలవుతాయి. అది విడతలు విడతలుగా విడుదల చేసే హార్మోను పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తే, ఆ గ్రంథి పంపే హార్మోన్ల వల్ల అండం పక్వమై విడుదలవుతుంది. మానసిక ఒత్తిడి ఎడతెగకుండా ఉన్నా, తిండి తగ్గి బరువు పడిపోయినా, శరీరానికి అందేదాని కంటే ఖర్చయ్యే శక్తి ఎక్కువైనా ఆ విడతలు మందగిస్తాయి. వానలు లేని ఏడాది విత్తనాలు బయటికి తీయని మన మెట్ట రైతులాగే, గడ్డు కాలమని గ్రహించిన శరీరం గర్భధారణకు సంబంధించిన పనిని వాయిదా వేసుకుంటుంది. అండం విడుదలైన తర్వాత నెలసరి రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, ఆ గడువు పెద్దగా మారదు. కాబట్టి ఒత్తిడి ఉన్న నెలలో ఆలస్యమయ్యేది ప్రధానంగా అండం విడుదలే, నెలసరి దాని వెంట వెనక్కి జరుగుతుంది.

నిద్ర వేళలు తారుమారైనా ఇదే ఇబ్బంది. తిరుపతి జిల్లా శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో వారం మార్చి వారం నైట్ షిఫ్టు చేసే అమ్మాయిలకు, అమెరికా వేళల ప్రకారం ఇంటి నుంచే ఉద్యోగం చేసే కోడళ్ళకు, ఖండాలు దాటి వచ్చే మనకు కూడా క్రమం తప్పే అవకాశముంది. ఇక కదలకుండా కూర్చుని చేసే పని, వేళాపాళా లేని తిండి, నడుము చుట్టూ పెరిగే బరువు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. అందరూ పీసీఓడీ అని పిలుస్తున్న, హార్మోన్లు అదుపు తప్పి అండం సరిగా విడుదల కాని సమస్యను అవి ముదరబెడతాయి. అధిక బరువున్నవారు తమ బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి గాడిన పడుతుంది. అయితే బక్కచిక్కిన హాస్టల్ పిల్లకు కూడా తిండి తగ్గించమని ఇదే సలహా ఇచ్చే బంధువులున్నారు, అది ఆ పిల్లకు హాని చేస్తుంది.

అలాగని ప్రతిదాన్నీ టెన్షన్ ఖాతాలో వేసి ఊరుకోవడం కూడా తప్పే. అమెరికా ప్రసూతి, స్త్రీ వైద్య నిపుణుల సంఘం ఆడపిల్లల నెలసరిని నాడి, రక్తపోటు లాంటి ముఖ్యమైన ఆరోగ్య సూచికగా చూడాలని 2015లో వైద్యులకు సూచించింది. రజస్వల అయిన తొలి ఏళ్ళలో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా సాధారణమే. అంతకు మించి 90 రోజులు రాకపోయినా, ఏడు రోజులు దాటి రక్తస్రావమైనా, గంటకో ప్యాడ్ మార్చవలసి వచ్చినా, పదిహేనేళ్ళు నిండినా పెద్దమనిషి కాకపోయినా డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోను), రక్తహీనత పరీక్షలు, పెళ్ళైనవారికైనా కానివారికైనా అవసరమైతే గర్భ పరీక్ష చేయించిన తర్వాతే ఒత్తిడి వల్ల అని తేల్చాలి. మా అమ్మాయికి పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, హిమోగ్లోబిన్ ఒక్కటే తక్కువ. పొద్దున టిఫిన్ మానకుండా చూడమని వార్డెన్‌తో మా అక్క గట్టిగా మాట్లాడాక బరువు కాస్త పెరిగింది, నెలసరి ఇంకా ముందు వెనకలవుతూనే వస్తోంది.

వాయిదా మాత్రల్లో ఎక్కువగా వాడేది నోరెథిస్టెరాన్. డాక్టరు చెప్పినట్టు కొద్ది రోజులకు వాడితే చాలామందికి ప్రమాదం ఉండదు, ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. కానీ గతంలో కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు దాని జోలికి పోకూడదు. గంటల తరబడి సాగే విమాన ప్రయాణం కూడా గడ్డలు కట్టే అవకాశాన్ని కొంత పెంచేదే కనుక, బయల్దేరే ముందే మీ డాక్టరును అడగండి. తిరుపతిలో దిగాక చుట్టాలెవరో చెప్పిన మాత్ర కొనకండి. ఎప్పుడు రావాలో అంతుపట్టని క్రమం ఉన్నవారికి వాయిదా లెక్క కూడా కుదరదు.

మన సంఘం సభ్యుల్లో చాలామంది ఊళ్ళో అన్నదమ్ముల పిల్లల, అక్కచెల్లెళ్ళ పిల్లల హాస్టల్ ఫీజులు కడుతున్నారు. ఫీజు కట్టేవారి మాటకు కాలేజీ యాజమాన్యాల దగ్గర విలువ ఉంటుంది. ఆడపిల్లలకు కనీసం ఏడెనిమిది గంటల నిద్ర, క్లాసుకు ముందు తీరిగ్గా టిఫిన్ తినే వ్యవధి, నెలకోసారి వచ్చి పిల్లలతో ఒంటరిగా మాట్లాడే లేడీ డాక్టరు కావాలని ఈ ఏడు ఫీజు కట్టేటప్పుడే రాతపూర్వకంగా అడుగుదాం.