ఆ చిన్న అక్షరాల వడ్డీ
2011 అక్టోబరులో రిజర్వు బ్యాంకు పొదుపు ఖాతాల వడ్డీ రేట్లను బ్యాంకుల నిర్ణయానికే వదిలినప్పుడు, పోటీ పెరిగి ఖాతాదారుడికి మేలు జరుగుతుందని ఆశపడ్డాం. ఈనాడు ఆ రేట్లను ఆన్‌లైన్‌లో పోల్చి చూద్దామని కూర్చుంటే తల ప్రాణం తోకకు వస్తోంది. ప్రకటనలో 7 శాతం అని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. పక్కనున్న నక్షత్రం గుర్తును పట్టుకుని పేజీ అట్టడుగుకు వెళితే, అది 5 లక్షలు దాటిన నిల్వకేననీ, ఆ లోపు సొమ్ముకు 3 శాతమేననీ తెలుస్తుంది. పోనీ, ఆ 7 శాతం వడ్డీ 5 లక్షలు దాటిన భాగానికి మాత్రమేనా, మొత్తం నిల్వకా అన్నది ఎంత వెతికినా స్పష్టంగా దొరకదు. 6 లక్షలు దాచుకున్నవారికి ఈ ఒక్క తేడా విలువ ఏడాదికి 20,000 రూపాయలు! పింఛను డబ్బు ఎక్కడ వేసుకోవాలో తేల్చుకోవలసిన పెద్దవారు ఈ చిక్కుముడి ఎలా విప్పగలరు? రోజువారీ నిల్వపైనే వడ్డీ లెక్కగట్టాలని 2010 ఏప్రిల్ నుంచి అన్ని బ్యాంకుల చేత అమలు చేయిస్తున్న రిజర్వు బ్యాంకు, అందరూ ఒకే నమూనా పట్టికలో, ఒకే పరిమాణపు అక్షరాలతో రేట్లు ప్రకటించాలని కూడా ఆదేశించాలి.