మిగతా 304 రోజుల సంగతేంటి?

ఏప్రిల్ 15 వచ్చిందంటే మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ లంగరేసేస్తాయి, జూన్ 14 అర్ధరాత్రి దాటగానే గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి మళ్లీ బయల్దేరతాయి. ఈ 61 రోజుల చేపల వేట నిషేధం మీద ఏటా ఒకటే చర్చ, వేట లేని రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి పడిందా లేదా, 10 వేలు కాస్తా 20 వేలు అయింది కదా ఇల్లు గడుస్తుందా అని. అవసరమైన చర్చే, కాదనను. కానీ మిగతా 304 రోజులు సముద్రాన్ని ఏం చేస్తున్నామో ఎవరూ అడగట్లేదు, నా బాధ అది.

మొన్న చలికాలంలో ఓ పొద్దున్న పెద జాలరిపేట ఒడ్డున నిల్చున్నా. ఫైబర్ బోటు ఒకటి అల మీద ఊగుతూ వచ్చి ఇసకలో దిగబడింది, నలుగురు కలిసి పైకి లాగి వల దులుపుతుంటే అన్నీ కానాగంతలే (ఇంగ్లిష్‌లో మాకెరల్), పక్కన నా చూపుడు వేలు పెట్టి చూశా, వేలు దాటినవి గుప్పెడు కూడా లేవు. గంపకెత్తుకుంటున్న అమ్మని అడిగితే "ఇవి పిల్లలు బాబూ, ఇంకొన్నాళ్లుంటే జానెడయ్యేవి, ఏటి చేస్తాం, మేం వదిలేస్తే ఎనకొచ్చే బోటోడు వదల్డు కదా" అంది.

తనకి తెలుసు. సముద్రం ఎప్పుడు ఏమిస్తుందో పేటలో అందరికీ తెలుసు. నిషేధం ఎత్తేశాక మొదటి ట్రిప్పుల్లో రొయ్య, అక్టోబర్ నవంబర్లలో తుఫాన్ల భయం (హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చింది, ఎవరు మర్చిపోతారు), చలికాలంలో నీళ్లు సర్దుకున్నాక కవ్వళ్లు (సార్డిన్లు), కానాగంతలు గుంపులుగా ఒడ్డుకి దగ్గరగా. మార్చి నుంచి తీరం వెంబడి గాలి తిరిగితే పైనీళ్లు లోపలికి జరిగి అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి, మన ఆంధ్రా యూనివర్సిటీలో లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త 1950ల్లోనే దీని మీద పరిశోధన చేశారు. ఆ నీళ్లు పొలానికి ఎరువేసినట్టే, నాచు పెరుగుద్ది, దాన్ని తినే చిన్న పురుగులు పెరుగుతాయి, చేప పిల్లలకి అదే మేత. వేసవిలో వేట ఆపడానికి అర్థం ఉంది. కానీ అప్పుడు బతికించుకున్న పిల్లల్నే జూన్ తర్వాత సన్న కన్ను వలతో ఊడ్చేస్తే ఆపి లాభమేంటి?

వల కన్ను సైజు పెంచితే డీజిల్ డబ్బులు కూడా రావు అంటారు బోటు ఓనర్లు. ఐసు, డీజిల్, కూలీలు అన్నీ పెరిగిన మాట నిజమే, అప్పు లేని బోటు వెతికితే దొరకదు.

అందుకే ఈ లెక్క వాళ్లే చూడాలి. చేప పొడుగు రెండింతలైతే బరువు దాదాపు ఎనిమిదింతలవుద్ది. వేలంత కానాగంతల్ని రెండింతల పొడుగయ్యేదాకా కొన్ని నెలలు వదిలేస్తే, అందులో సగం పెద్ద చేపల నోట్లో పోయినా మిగతా సగమే మొదటి మొత్తం బరువుకి నాలుగింతలై మన వలలోకే వస్తుంది, అదీ కూర చేప రేటుకి, కోళ్ల మేతకి పోయే రేటుకి కాదు! బ్యాంకులో వేసిన ఏ డబ్బూ ఇంత తొందరగా ఇంత పెరగదు. కేరళ వాళ్లు ఈ లెక్క పట్టుకునే 58 రకాలకి కనీస సైజు పెట్టారు, కానాగంతకి 14 సెంటీమీటర్లు, కవ్వళ్లకి 10.

అసలు తప్పు కొనే మనది కూడా. మామిడికి సీజన్ ఉందని ఒప్పుకుంటాం, తాటిముంజెలకి ఒప్పుకుంటాం, చేప దగ్గరకొచ్చేసరికి ఏ నెలైనా ఆదివారం వంజరం, చందువా ఉండాల్సిందే, కవ్వళ్లంటే బీదోళ్ల చేప అని మొహం తిప్పేసుకుంటాం. బీచ్ రోడ్డులో సీ వ్యూ ఫ్లాట్‌కి లక్షలు ఎక్కువ పెట్టి కొంటారు, రోజూ చూసే ఆ నీళ్లల్లో ఈ నెల ఏం దొరుకుద్దంటే చెప్పలేరు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ప్రతి ఇసక ముక్కా టూరిస్టులకే అన్నట్టు మాట్లాడుతున్నాం, వల ఆరేసుకోడానికి, బోటు పైకి లాక్కోడానికి, నెత్తళ్లు ఎండబెట్టుకోడానికి కూడా ఒడ్డు కావాలి కదా, అది పోయాక సముద్రం సంగతి మనకి చెప్పేవాళ్లెవరుంటారు? ఒడ్డు వాళ్లకి వదలండి. వచ్చే జూన్‌లో మొదటి బోటు సరుకు దించేసరికి హార్బర్ వేలంపాట దగ్గర ఒక స్కేలు పెట్టండి, 14 సెంటీమీటర్లు లేని కానాగంతకి పాట మొదలవ్వకూడదు.