విత్తనాలిచ్చారు సరే, టీచరుకు నేర్పిందెవరు?

ప్రారంభోత్సవం ఫొటోలో బడి తోట ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. కొత్త పారలు, తీర్చిదిద్దిన మడులు, నీళ్ల డబ్బా పట్టుకుని వంగిన అతిథి, ఆయన చుట్టూ కెమెరా వైపే చూస్తున్న పిల్లలు. ఆరు నెలలాగి అదే చోటికి వెళ్తే మోకాలెత్తు కలుపు, ఎండి పుల్లలైన టమాటా మొక్కలు కనిపిస్తాయి. ‘సేంద్రియ తోట’ అని రాసిన బోర్డు మాత్రం చెక్కుచెదరదు. ఏమైందని అడిగితే నీళ్లు లేవంటారు, నిధులు ఆగాయంటారు, పిల్లలకు శ్రద్ధ లేదంటారు. ఇవేవీ పూర్తిగా అబద్ధాలు కావు. అయితే చాలాచోట్ల ఎవరూ పైకి చెప్పని సంగతి మరొకటి ఉంటుంది. ఆ తోట బాధ్యత నెత్తిన పడ్డ టీచరు అంతకుముందు ఒక్క మొక్కనైనా విత్తు నుంచి కాయ దాకా పెంచి ఎరగరు. ఎలా పెంచాలో వాళ్లకు ఎవరూ చూపించలేదు.

బడిలో సేంద్రియ పంట పండాలంటే విత్తనాల పొట్లాల కన్నా ముందు సిబ్బందికి శిక్షణ కావాలన్నది మా అభిప్రాయం. హాల్లో కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు చూపించి, సాయంత్రానికి సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపే శిక్షణ గురించి మేము మాట్లాడటం లేదు. ఒక పూర్తి పంటకాలం, వాళ్ల బడి మట్టిలోనే, వాళ్ల చేతులతోనే సాగే శిక్షణ కావాలి. అదీ ఒక్క సైన్సు టీచరుకు కాదు, బడికి కనీసం ముగ్గురికి.

పిల్లల చేత మొక్కలు పెంచించడం కొత్త ఆలోచనేమీ కాదు. జర్మనీలోని బాద్ బ్లాంకెన్‌బుర్గ్‌లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ తెరిచి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టారు. అంటే పిల్లల తోట. అదేదో ముద్దుకు పెట్టిన పేరనుకుంటే పొరపాటు. ఆయన గీసిన తోటలో ప్రతి పిల్లకూ సొంతంగా ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఉమ్మడి మడులు ఉండేవి. ఇవాళ ఆ పేరు ప్రపంచమంతా బడుల గేట్ల మీద ఉంది, గేటు లోపల తోటే లేదు. అమెరికా ప్రభుత్వం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ‘స్కూల్ గార్డెన్ ఆర్మీ’ పేరిట పిల్లల్ని పెద్ద ఎత్తున కూరగాయల సాగులోకి దించింది. దానికి టీచర్ల కోసం పాఠాలు కూడా అచ్చువేశారు. యుద్ధ నిధులతో పుట్టిన ఆ పథకం యుద్ధం ముగిశాక కొద్ది కాలానికే కనుమరుగైంది. అదే దేశంలో 1995లో బర్క్‌లీలోని ఒక మిడిల్ స్కూలు దగ్గర, తారు పరిచిన ఎకరం ఖాళీ స్థలంలో, రెస్టారెంటు యజమాని ఆలిస్ వాటర్స్ చొరవతో మొదలైన తోట ఇప్పటికీ నడుస్తోంది. ఆమె పేరుప్రతిష్ఠలు కలిసొచ్చిన మాట నిజమే. అంతకన్నా ముఖ్యం, అక్కడ తోటకూ దాని పక్కనున్న వంటగదికీ ప్రత్యేకంగా సిబ్బంది ఉన్నారు. మిగతా పని అయ్యాక మిగిలిన ఓపికతో చేసే పనిగా దాన్ని వదిలేయలేదు. ఇతర బడుల వాళ్లు వచ్చి అక్కడ నేర్చుకుని వెళ్తున్నారు.

శిక్షణ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే ఒక చిక్కుడు ఆకును తిరగేస్తే చాలు. ఆకు అడుగున, లేత కొసల దగ్గర, మొక్క రసం పీల్చే చిన్న పురుగులైన పేనుబంక గుంపులుగా పట్టి ఉంటుంది. ముట్టుకుంటే జిగురు. దాని మధ్యలో నల్లగా, ఒళ్లంతా గరుకుగా, వీపు మీద నారింజ రంగు మచ్చలతో బుల్లి మొసలిలాంటి పురుగొకటి మెల్లగా పాకుతుంటుంది. పిల్లలు దాన్ని చూసి కెవ్వుమంటారు. ఏమీ తెలియని టీచరు ‘ఇదే తినేస్తోంది, చంపెయ్యండి’ అంటారు. పది నిమిషాల్లో ఆ మడిలో ఉన్న మొసలి పిల్లలన్నీ చెప్పుల కింద నలిగిపోతాయి. వారం తిరిగేసరికి పేనుబంక మొక్కంతా కమ్మేస్తుంది. ఎందుకంటే వాళ్లు చంపింది అక్షింతల పురుగు పిల్లల్ని. ఎర్రగా గుండ్రంగా ఉండే అక్షింతల పురుగును పాఠ్యపుస్తకంలో అందరూ చూసే ఉంటారు, అది చిన్నప్పుడు ఇలా ఉంటుందని మాత్రం చాలామందికి తెలియదు. ఒక్కో పిల్లపురుగు పెరిగి పెద్దయ్యేలోపు వందల పేనుబంక పురుగుల్ని తినేస్తుంది. ఇది తెలిసిన టీచరు మందు డబ్బా కోసం వెతకరు, భూతద్దం తెప్పిస్తారు. ఆ రోజు పాఠం అక్కడే, ఆ ఆకు మీదే జరిగిపోతుంది.

సేంద్రియ సాగు అంటే మందు కొట్టకుండా వదిలేయడం అనుకునేవాళ్లు పెద్దల్లోనే ఎక్కువ. వదిలేస్తే వచ్చేది అడవి, పంట కాదు. రసాయన ఎరువు సంచిలో ఉండే పనిని ఇక్కడ మట్టి చేయాలి, ఆ మట్టిని మనం తయారుచేసుకోవాలి. ఆధునిక సేంద్రియ సాగుకు పునాది వేసినవారిలో ఒకరైన ఆల్బర్ట్ హోవార్డ్ 1920లలో ఇండోర్‌లో పనిచేస్తూ కంపోస్టు పద్ధతిని స్థిరపరిచారు. అప్పటికే పెద్ద చదువులు చదివిన శాస్త్రవేత్త ఆయన. అలాంటి మనిషి, రైతులూ చీడపీడలే తనకు ప్రొఫెసర్లని చెప్పుకున్నారు. శిక్షణకు వచ్చే టీచర్లకు ఈ ముక్క ముందుగా చెప్పడం మంచిది, కొంచెం బెరుకు తగ్గుతుంది.

కంపోస్టు గురించి ఎన్ని గంటలు చెప్పినా ఎక్కనిది గుప్పిట్లో పట్టుకుంటే క్షణంలో ఎక్కుతుంది. కుప్పలోంచి ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండాలి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే తేమ సరిపోయింది. నీళ్లు కారితే ఎండుటాకులు కలపాలి, పొడిపొడిగా రాలితే నీళ్లు చల్లాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడటం లేదని అర్థం, తిరగేయాలి. కర్బనం పాతిక ముప్పై పాళ్లు, నత్రజని ఒక పాలు అని పుస్తకాల్లో ఉండే లెక్కకు చేతిలో అర్థం ఇదే: ఎండుటాకులు దండిగా, పచ్చి చెత్త తగుమాత్రంగా. సరిగ్గా పేర్చిన కుప్ప కొన్ని రోజుల్లోనే లోపల 55 డిగ్రీలు దాటుతుంది. చలి ఉదయం దాన్ని తిరగేస్తుంటే పొగలు లేస్తాయి. నిప్పు పెట్టకుండా ఈ వేడి ఎక్కడిదని పిల్లలు అడిగి తీరతారు. సూక్ష్మజీవుల పాఠాన్ని అంతకన్నా బాగా మొదలుపెట్టే దారి మాకు తెలియదు.

ఇక భద్రత. దీన్ని శిక్షణలో ఆఖరి అరగంటకు నెట్టేస్తారు, అక్కడే ప్రమాదం. పచ్చి పేడ సహజమైనదే కదా అని కోతకు నెలన్నా లేని ఆకుకూరల మడిలో కలిపేస్తే, రోగకారక క్రిములు పిల్లల నోటిదాకా వెళ్లే వీలుంది. మట్టికి తగిలే పంటైతే కోతకు కనీసం 120 రోజుల ముందు, తగలని పంటైతే 90 రోజుల ముందు మాత్రమే పచ్చి పేడ వేయాలని అమెరికా సేంద్రియ నిబంధనలు చెబుతాయి. బడుల్లోనైతే పచ్చి పేడ జోలికే పోకుండా బాగా మాగిన కంపోస్టు వాడటం మేలు. రెండోది సీసం, ఒంట్లో చేరితే పిల్లలకు హాని చేసే లోహం. పాత భవనాల గోడల నుంచి రాలిన రంగు పెచ్చులు గోడవార మట్టిలో కలిసి ఉండవచ్చు. రద్దీ రోడ్డు పక్క నేలలో ఏళ్ల తరబడి వాహనాల పొగతో వచ్చిన సీసమూ ఉండవచ్చు. వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2021లో గానీ ప్రపంచమంతటా ఆగిపోలేదు. సీసం కుళ్లిపోయేదీ కాదు, ఎగిరిపోయేదీ కాదు. కాబట్టి మడి ఎక్కడ కట్టాలో తేల్చేముందు మట్టి పరీక్ష చేయించడం, అనుమానముంటే పలకలు కట్టి మంచి మట్టి నింపిన ఎత్తు మడుల్లో సాగు చేయడం సిబ్బందికి మొదటి వారంలోనే నేర్పాలి. చేతులు కడుక్కోవడం గురించి చెప్పనక్కర్లేదు గానీ, తోట పక్కన సబ్బు ఉందా లేదా అన్నది మాత్రం చూడాలి.

సిబ్బంది అనగానే మనకు టీచర్లే గుర్తొస్తారు. తోట బతుకు నిజానికి వంటమనిషి చేతిలోనూ, వాచ్‌మన్ చేతిలోనూ ఎక్కువగా ఉంటుంది. పిల్లలు పండించిన నాలుగు కట్టల ఆకుకూర వంటగదికి చేరేసరికి ‘ఇంత కాస్త ఎవరికి సరిపోతుంది’ అని పక్కన పడేస్తే ఆ రోజుతో పిల్లల ఉత్సాహం చల్లారుతుంది. అదే వంటమనిషి విత్తనం నాటిన రోజున మడి దగ్గర ఉండి ఉంటే, ఆ కాస్తనే ఎందులో వేసి అందరికీ ఒక్కో ముద్ద అందించాలో ఆమే ఆలోచిస్తుంది. 2014లో ప్రచురితమైన లండన్ బడుల అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. బయటి తోట నిపుణులు వచ్చి నడిపించిన బడులకూ, టీచర్లు నడిపించిన బడులకూ మధ్య పిల్లలు తినే పండ్లూ కూరగాయల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తోటపనిని తమ రోజువారీలో బాగా కలుపుకుని ముందుకెళ్లిన బడుల్లో మాత్రం తినడం పెరిగింది. తోట ఉంటే చాలు పిల్లలు కూరగాయలు లొట్టలేసుకుంటూ తింటారని ప్రచారం చేసేవాళ్లు ఇది గమనించాలి. నిపుణుడు వచ్చి వెళ్లిపోతాడు, తోటను బడిలో కలుపుకోవాల్సింది అక్కడి మనుషులే.

టీచర్లకు నేర్పడం కష్టమైన విద్య ఇంకొకటుంది, చేతులు కట్టుకుని నిలబడటం. పిల్లవాడు ముల్లంగి విత్తనాన్ని వేలంత లోతున పాతిపెడుతుంటే పెద్దవాళ్ల చెయ్యి ఊరుకోదు. లాక్కుని తామే నాటేస్తారు, వరుస అందంగా వస్తుంది, పిల్లవాడు ప్రేక్షకుడవుతాడు. విత్తనం మందానికి రెండు మూడింతల లోతు చాలని ఒకసారి చెప్పి వదిలేయాలి. పక్క పిల్ల నాటినవి నాలుగైదు రోజులకే తలెత్తుతాయి, వీడివి రావు. తవ్వి చూస్తాడు. ఆ తవ్వకం పాఠమే. చిన్న రకం ముల్లంగి నాలుగు వారాల్లో చేతికొస్తుంది కాబట్టి రెండో ప్రయత్నానికి వ్యవధి ఉంటుంది, మొదటి పంటగా దాన్ని ఎంచుకోవడంలో కిటుకు అదే. మొలకను పీకి వేరు ఎంత పెరిగిందో చూసి మళ్లీ పాతే పిల్లలు ప్రతి తరగతిలో ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్ల కోసం నాలుగు విత్తనాలు ఎక్కువ నాటించాలి, తిట్టకూడదు. ఒక మడి చుట్టూ నలభై మంది మూగితే పని జరగదు, తోపులాట జరుగుతుంది. ఆరేడుగురిని మడి దగ్గర ఉంచి, మిగతావాళ్లను కంపోస్టుకూ, కొలతలకూ, ఆకుల బొమ్మలు గీయడానికీ పంపే నేర్పు కూడా అలవాటు మీద వచ్చేదే.

ఉన్న పనికే సమయం చాలని టీచర్ల మీద ఇదొక కొత్త బరువు కాదా అనే ప్రశ్న న్యాయమైనది. సిలబస్, పరీక్షలు, రిజిస్టర్లు, బోధనతో సంబంధం లేని లెక్కలు ఇప్పటికే వాళ్ల మెడకు చుట్టుకుని ఉన్నాయి. టైమ్‌టేబుల్లో గంట ఇవ్వకుండా, శిక్షణ రోజులను డ్యూటీగా లెక్కగట్టకుండా ‘ఆసక్తి ఉన్నవాళ్లు చేయండి’ అనడం దోపిడీయే. ఆ పద్ధతిలో ఐతే తోటలు పెట్టకపోవడమే నయమని మేము మొహమాటం లేకుండా చెబుతాం. గంట ఇచ్చాక మాత్రం సాకులు చెల్లవు. మడి వైశాల్యం, మొక్కకూ మొక్కకూ దూరం లెక్కల పాఠమే. చిక్కుడు మొక్కను జాగ్రత్తగా పెకలించి వేరు బుడిపెలు చూపించి, వాటిలోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుందని చెబితే అది సైన్సు పాఠమే. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి, అప్పుడది పనిచేస్తున్నట్టు. ఇది శిక్షణలో ఒకసారి చూసిన టీచరు జీవితంలో మర్చిపోరు.

‘సేంద్రియ’ అన్న మాటను వాడటంలోనూ సిబ్బందికి నిజాయతీ నేర్పాలి. నిషిద్ధ రసాయనాలు వాడి మూడేళ్లు గడవని నేలలో పండినదాన్ని సేంద్రియమని అమ్మడానికి అమెరికా నిబంధనలు ఒప్పుకోవు. బడి తోట అమ్మకానికి కాదు కాబట్టి ఆ ముద్ర అక్కర్లేదు. కానీ ఎవరూ చూడనప్పుడు గుప్పెడు యూరియా చల్లి, ఎదుగుదల చూపించి, బోర్డు అలాగే ఉంచేస్తే పిల్లలు నేర్చుకునేది వ్యవసాయం కాదు. పైగా పిల్లలకు అన్నీ కనిపిస్తాయి.

శిక్షణకు కాలం ఎంత అంటే, పంట ఎంతకాలమో అంత. నేల తయారీ అప్పుడు ఒకసారి, విత్తేటప్పుడు ఒకసారి, చీడ పట్టినప్పుడు ఒకసారి, కోతకూ వంటకూ ఒకసారి, విత్తనం దాచేటప్పుడు ఒకసారి శిక్షకులు ఆ బడికే రావాలి. మధ్యలో ఫోను చేస్తే పలకాలి. శిక్షణ పొందిన ముగ్గురిలో ఒకరు బదిలీ అయినా, రాజీనామా చేసినా మిగతా ఇద్దరు కొత్తగా వచ్చినవారికి నేర్పేలా ఒక తోట పుస్తకం రాయించాలి: ఏ మడిలో ఎప్పుడు ఏం వేశారు, ఏది చచ్చింది, ఎందుకు చచ్చింది. పథకానికి డబ్బిచ్చేవాళ్లు ప్రారంభోత్సవం ఖర్చు సగానికి తగ్గించి ఈ రాకపోకలకు కేటాయించాలని కోరుతున్నాం.

సెలవుల సంగతి కూడా మొదటి రోజే తేలాలి. బడి మూసే వారానికే కాయలు పక్వానికొచ్చేలా నాటి, రెండు నెలలు తిరిగి చూడని తోటలు ఎన్నో. సెలవులకు ముందే కోత అయిపోయే పంటలు వేయించడం, ఖాళీ అయిన మడులను ఎండుటాకులతో మందంగా కప్పించడం, వంతులవారీగా నీళ్లు పోయడానికి వచ్చే కుటుంబాల పేర్లు రాయించుకోవడం శిక్షణలో భాగం కావాలి. ఆ జాబితా పక్కనే కుళాయి గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాసి వాచ్‌మన్ చేతికివ్వాలి.