ఆశయానికి ధర కట్టారా?

ఇల్లు కొనాలనుకున్న మనిషికి దాని ధర తెలుసు. ముందు ఎంత కట్టాలో, వడ్డీ ఎంతో, నెలకు వాయిదా ఎంత పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కారుకూ అంతే, పిల్లల చదువుకూ అంతే. అదే మనిషిని ‘నీకు నిజంగా చేయాలని ఉన్నది ఏమిటి?’ అని అడగండి. పిల్లలకు లెక్కలు చెప్పాలనో, సంగీతం నేర్చుకోవాలనో, మనసులో ఉన్న నవల రాయాలనో అంటాడు. దానికి ఎంత ఖర్చవుతుందని అడిగితే మాత్రం నీళ్లు నములుతాడు. ‘ముందు నాలుగు డబ్బులు వెనకేసుకోనివ్వండి, ఆ తర్వాత చూద్దాం’ అనేస్తాడు.

డబ్బు చాలక ఆగిపోయే ఆశయాల కంటే, ధర కట్టకపోవడం వల్ల ఆగిపోయేవే ఎక్కువని నా అభిప్రాయం. ధర తెలిసిన వస్తువుకూ, ధర తెలియని కోరికకూ పోటీ పెడితే ప్రతి నెలా వస్తువే గెలుస్తుంది. అందులో మన బలహీనత కంటే లెక్కలేనితనమే ఎక్కువ.

ఇంత మాత్రాన, డబ్బుతో సంతోషం రాదని ఉపదేశించేవారి జాబితాలో నన్ను చేర్చకండి. ఆ మాట ఎక్కువగా డబ్బున్నవారి నోటే వింటుంటాం. 2010లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ అమెరికాలోని సమాచారాన్ని పరిశీలించి, ఏడాది ఆదాయం సుమారు 75,000 డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెరగడం లేదన్నారు. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు ఫోన్ల ద్వారా ఎప్పటికప్పుడు మనుషుల మనఃస్థితిని నమోదు చేసి, అలాంటి హద్దేదీ తనకు కనిపించలేదన్నారు. వాదులాడుకునే బదులు కానమన్, కిల్లింగ్స్‌వర్త్ ఇద్దరూ బార్బరా మెల్లర్స్ అనే పరిశోధకురాలిని మధ్యవర్తిగా పెట్టుకుని, లెక్కలు మళ్లీ చూశారు. (అధ్యయనం సంగతి అటుంచి, వాళ్ల ఆ పెద్దమనిషితనమే నాకు ఎక్కువ నచ్చింది.) 2023లో వాళ్లు తేల్చింది ఇది: చాలామందిలో ఆదాయంతో పాటు సంతోషమూ పెరుగుతూనే ఉంటుంది. అప్పటికే దిగులులో ఉన్న కొద్దిమందిలో మాత్రం అది సుమారు లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతుంది.

అయితే ఆ పెరుగుదలలో ఒక మెలిక ఉంది. అది రూపాయికి రూపాయి లెక్కన సాగదు, రెట్టింపుల లెక్కన సాగుతుంది. ఆదాయం ఒకటి నుంచి రెండయినప్పుడు కలిగినంత సంతోషం మళ్లీ కలగాలంటే రెండు నాలుగు కావాలి, ఆపైన నాలుగు ఎనిమిది కావాలి. ఆయుష్షు అలా రెట్టింపు కాదు. అందుకే ఒక దశ దాటాక, ఇంకా ఎంత సంపాదించాలన్న ప్రశ్న కంటే, చేతిలో ఉన్నదాన్ని దేనికి కేటాయించాలన్న ప్రశ్నే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

మరి ధర కట్టడం ఎలా? విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అమెరికా మార్కెట్ల పాత లెక్కలన్నీ తిరగేశారు. ఉద్యోగ విరమణ చేసినవారు షేర్లు, బాండ్లలో కూడబెట్టిన సొమ్ములో మొదటి ఏడాది సుమారు 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ధరలకు తగ్గట్టు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోయినా, ఆ సొమ్ము కనీసం 30 ఏళ్లు నిలిచిందని చూపించారు. ఇంకో దేశంలో, ఇంకో కాలంలో అది అచ్చంగా అలాగే జరుగుతుందన్న హామీ లేదు. కానీ ఆ లెక్కను తిరగేస్తే ఒక పనికొచ్చే కొలత దొరుకుతుంది: ఏడాది ఖర్చుకు 25 రెట్లు, అంటే నెల ఖర్చుకు 300 రెట్లు. నెలకు 100 అయ్యే సౌకర్యాన్ని చివరిదాకా ఉంచుకోవాలంటే 30,000 కూడబెట్టాలన్నమాట. ‘సరిపడా’ అనే అంకెను నిర్ణయించేది జీతం కాదు, ఖర్చు. జీతం పెరిగిన ప్రతిసారీ ఖర్చు పెంచేవారు తమ గమ్యాన్ని తామే వెనక్కి జరుపుకుంటున్నారు.

ఇప్పుడు ఆశయాన్ని ఇదే త్రాసులో పెడదాం. వారంలో ఒక పనిదినాన్ని పూర్తిగా మనకు నచ్చిన పనికి ఇవ్వాలనుకుందాం. వారానికి ఐదు పనిదినాలైతే దాని ధర ఆదాయంలో ఐదో వంతు. ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటూ పెరిగే చోట, చేతికి తగ్గేది అంతకన్నా తక్కువే. 100 సంపాదించి 75 ఖర్చు చేసే ఇంట్లో పొదుపు 25 నుంచి 5కు పడిపోతుంది. ఇది చిన్న సంగతి కాదు, ఉద్యోగ విరమణ ఏళ్ల తరబడి వెనక్కి పోతుంది. అదే ఇల్లు ఖర్చును 65కు తెచ్చుకోగలిగితే పొదుపు 15 ఉంటుంది. చివరికి కూడబెట్టాల్సిన మొత్తం కూడా, ఆ 25 రెట్ల లెక్కన, 1,875 నుంచి 1,625కు దిగుతుంది. విరమణ అప్పటికీ ఆలస్యమే కావచ్చు. కానీ ఎంత ఆలస్యమో తెలిశాక వద్దనుకోవడం వేరు, తెలియకుండానే ఇరవై ఏళ్లు వాయిదా వేయడం వేరు. మొదటిది నిర్ణయం, రెండోది బద్ధకం.

అధిక వడ్డీ అప్పుల్లో ఉన్నవారికి ఈ మాటలేవీ వర్తించవు. 24 శాతం వడ్డీ మీద తెచ్చిన బాకీ కట్టకుండా వదిలేస్తే సుమారు మూడేళ్లలో రెట్టింపవుతుంది. అలాంటివారికి ఆశయాల గురించి బోధించడం నా దృష్టిలో క్రూరత్వం. ముందు ఆ బాకీ తీరాలి.

మిగిలినవారు పెద్ద మొత్తం కోసం ఆగనక్కర్లేదు. ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైకేల్ నార్టన్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి, సొంతానికో ఇతరుల కోసమో ఆ రోజే ఖర్చు చేయమన్నారు. ఇతరుల కోసం ఖర్చు చేసినవారే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు. మొత్తం ఐదా, ఇరవయ్యా అన్నది తేడా చూపలేదు. ఒక్క రోజు ప్రయోగంతో జీవితాలను తూచలేం, నిజమే. కానీ ‘బాగా సంపాదించాక ఇస్తాను’ అన్న వాదన మాత్రం దీని ముందు నిలవదు.

పరువు కోసం చేసే ఖర్చు కూడా ఆశయం వేషంలోనే వస్తుంటుంది. ఎవరికీ తెలియకపోయినా, ఎక్కడా పేరు రాకపోయినా ఆ డబ్బు ఖర్చు చేస్తామా అని అడిగితే చాలావరకు బయటపడుతుంది.

అన్నిటికంటే చిక్కు, ఇంట్లో ఇద్దరి ఆశయాలు వేరైనప్పుడు వస్తుంది. ఎవరి జీతం ఎక్కువైతే వారి కలే కుటుంబం కలగా చెలామణి అవుతుంది. రెండోవారి కల అభిరుచిగా మిగిలిపోతుంది. కాబట్టి భార్యాభర్తలు ఒకరి కాగితం ఒకరు చూడకుండా విడివిడిగా రాసుకోవాలి: ఏం చేయాలని ఉంది, నెలకు ఎంత అవుతుంది, ఎన్ని గంటలు కావాలి. రెండూ కలిపితే బడ్జెట్ దాటవచ్చు, దాటుతుంది కూడా. అప్పుడు ఎవరిది ముందో కూర్చుని తేల్చుకోవాలి. ఆగాల్సి వచ్చినవారి కాగితం మీద కూడా అది ఏ ఏడాది మొదలవుతుందో అప్పుడే రాసి, అందుకు నెలనెలా పక్కన పెట్టే సొమ్మును ఆ నెల నుంచే వేరే ఖాతాలో వేయాలి.