తమ కోసం కోసుకుంటున్న చెవులు రాయునది

మహారాజశ్రీ ప్రీమియం ఇయర్‌ఫోన్ గారి దివ్యసముఖానికి,

జనం తమ కోసం కోసుకుంటున్న చెవులం మేమే. కుడీ ఎడమా ఇద్దరం కలిసి చేసుకుంటున్న విన్నపం ఇది. ‘మేమిక్కడ క్షేమం’ అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరు లోపల కొలువుదీరి గంట దాటాక ఆ మాట రాయడానికి మనసొప్పదు. ప్రస్తుతం తమరు బల్ల మీద విశ్రమిస్తున్నారు గనుక ధైర్యం చేస్తున్నాం. తమ వంశంలో తీగ ఉన్నవారికీ లేనివారికీ ఇది ఒకటే లేఖ. తీగ లేనివారి సంగతి కాస్త కింద వస్తుంది, కంగారు పడవద్దని మనవి.

తమ పెట్టె వైభవం గురించి ఎక్కువ మాట్లాడం. అయస్కాంతపు మూత, దాని కింద నల్లటి స్పాంజి, ఆ కింద తోలు సంచి, అందులో తమరు. అన్నిటికన్నా అడుగున, వారంటీ కాగితం కింద, చిన్న ప్లాస్టిక్ కవరులో నాలుగైదు జతల సిలికాన్ టిప్స్, అంటే మా లోపలికి దూరే మెత్తటి తొడుగులు, ఉంటాయి. మొత్తం పెట్టెలో చవకైన సరుకు అదే. తమ శబ్దం బాగుంటుందో లేదో తేల్చేదీ అదే. ఆ కవరు చింపని ఇళ్లే ఎక్కువ.

ఫ్యాక్టరీలో తమకు మీడియం టిప్ తొడిగి పంపుతారు. లోకంలోని చెవులన్నీ మీడియమే అని తమ నమ్మకం కాబోలు. మా సందు సగటున 7 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల లోతు. గుండ్రంగా ఉండదు, తిన్నగా ఉండదు, మధ్యలో రెండు వంపులు. ఒకే తలకు పుట్టినా మేమిద్దరం ఒకే కొలత కాదు. కుడివైపు లార్జ్, ఎడమవైపు మీడియం పట్టే తలలు బోలెడు. రెండు వైపులా వేరే వేరే సైజులు వేసుకోకూడదన్న రూలు ఎక్కడా లేదు, అయినా అది నామోషీ అనుకుంటారు.

టిప్ సరిగ్గా కూర్చోకపోతే ఏమవుతుందో తమకు తెలుసు, చెప్పరు. మా సందు మూసుకుని ఉంటేనే తమ చిన్న డయాఫ్రమ్, అంటే కంపించే పలుచటి పొర, లోపలి గాలిని నొక్కి బేస్ (మంద్రస్వరం) పుట్టించగలదు. వెంట్రుకవాసి సందు దొరికినా ఆ ఒత్తిడి బయటికి పోతుంది. 100 హెర్ట్జ్ కింద, అంటే బాగా మంద్రమైన స్వరాల్లో, 10 డెసిబెల్‌లకు పైగా పడిపోవడం మామూలే. అప్పుడు కొన్నవాడు ‘బేస్ పల్చగా ఉంది, ట్రెబుల్ (పైస్వరం) గుచ్చుతోంది’ అని తీర్పు చెప్పి, ఈక్వలైజర్‌లో బేస్ పెంచి, మరీ బాగోలేదని తమ అన్నగారిని, అంటే తమకంటే ఖరీదైన మోడల్‌ని, కొంటాడు. దానికీ మీడియం టిప్పే ఉంటుంది.

పరీక్ష సులువు. 40 హెర్ట్జ్ టోన్ ఒకటి తక్కువ వాల్యూమ్‌లో పెట్టాలి. అది తల మధ్యలో వినిపించాలి. ఒక పక్కకు జరిగితే రెండో పక్క లీకు ఉన్నట్టు. వేలితో తమను మెల్లగా లోపలికి నొక్కినప్పుడు బేస్ అమాంతం పెరిగితే అటువైపు ఒక సైజు పెద్దది వేయాలి. నోరు తెరిచి మూస్తే దవడతో పాటు మా సందు ఆకారమూ మారుతుంది. అప్పుడు బేస్ వచ్చిపోతుంటే ఇంకా కుదరలేదన్నమాట. పెట్టుకునే పద్ధతి కూడా ఉంది: ఎదుటి చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైఅంచును పైకీ వెనక్కీ లాగి, వంపు తిన్నబడ్డాక తమను కొద్దిగా తిప్పుతూ దూర్చాలి. ఫోమ్ టిప్ అయితే వేళ్ల మధ్య సన్నగా నలిపి, దూర్చి, ఉబ్బేదాకా 20-30 సెకన్లు పట్టుకోవాలి. ఫోమ్ ట్రెబుల్ పదునును కాస్త తగ్గిస్తుంది, కొన్ని నెలల్లో గట్టిపడి పాడవుతుంది. సన్న రంధ్రం ఉన్న టిప్ పైస్వరాలను అణచితే, వెడల్పు రంధ్రం విప్పుతుంది. టిప్ మార్చి అయ్యే ఖర్చుకు వచ్చే తేడా, చాలాసార్లు తమ ‘ప్రో’కీ ‘అల్ట్రా’కీ మధ్య కూడా ఉండదు. ఈ ముక్క తమ ప్రకటనల్లో ఎందుకు రాదో మాకు అర్థం కాదు. అర్థమవుతుంది లెండి.

ఇక సుఖం. టిప్ తొడిగే గొట్టం, అంటే తమ నాజిల్, 6 మిల్లీమీటర్లు దాటితే, దాని మీద టిప్ కూడా తొడిగాక, చిన్న చెవులకు అది పట్టు కాదు, పోటు. లోపల పది డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే బుల్లి యంత్రాలు, ఇరికించడానికి తమ దేహం పెరిగింది. ఆ దేహం ఆనేది మా గిన్నెలాంటి భాగంలో, లోలాకు పైనున్న గట్టు మీద. అక్కడ ఒకేచోట ఒత్తిడి పడితే మొదటి ఐదు నిమిషాలూ ఏమీ తెలియదు. నొప్పి ముప్పావు గంటకో గంటకో మొదలవుతుంది. అందుకే నిలబడి చూసే ఐదు నిమిషాల ట్రయల్ సుఖం విషయంలో దండగ. పాట పెట్టకుండా ఉత్తినే గంటసేపు పెట్టుకుని వేరే పని చేసుకుంటే నిజం బయటపడుతుంది. పాట ఉంటే నొప్పిని కాసేపు మరిపిస్తుంది, తమకు ఆ కిటుకు తెలుసు. టైటానియం కవచం చూడముచ్చటే గానీ బరువు మోసేది మేము.

తమను దూర్చేటప్పుడు ఒక్కోసారి ‘టిక్’మని కరకరలాడే చప్పుడు వస్తుంది. గాలి పోయే దారి చాలక డయాఫ్రమ్ నలుగుతున్న శబ్దం అది. వెంట్ (గాలి పోయే సన్న రంధ్రం) సరిగ్గా పెట్టిన మోడళ్లలో రాదు.

మరొక ఫిర్యాదు. ఇంత సొమ్ము పోసి తమను ఆహ్వానిస్తే, పాట మొదలవకముందే మాకు వినిపించే తొలి కచేరీ మా యజమాని నమిలే చప్పుడు, ఆయన అడుగుల దడదడ, ఆయన గొంతే డ్రమ్ములో మాట్లాడినట్టు గుయ్‌గుయ్. ఎముక ద్వారా వచ్చే తక్కువ పౌనఃపున్యాలు, అంటే మంద్రస్వరాలు, మామూలుగా మా ద్వారంలోంచి బయటికి పోతాయి, తమరు బిరడాలా మూశారు గనుక లోపలే తిరుగుతాయి. దీనికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, వెంట్ ఉంచి కొంత బయటికి వదలడం, దానివల్ల బయటి రొదా కొంత లోపలికి వస్తుంది. రెండు, మృదులాస్థి దాటి ఎముక భాగం దాకా లోతుగా వెళ్లడం. 1991లో ఎటిమోటిక్ కంపెనీ తెచ్చిన ఈఆర్-4 ఈ రెండో దారి పట్టింది. ఒక్కో చెవికి ఒకే ఒక్క బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ రకం డ్రైవర్, మూడు అంచెల టిప్, లోతైన ప్రవేశం. బయటి రొదను ఆపడంలో, తటస్థమైన స్వరంలో అది పేరు మోసింది. అయితే అంత లోపలి చర్మం పలుచన, అందరూ భరించలేరు. ఏ దారి పట్టినా కొంత వదులుకోక తప్పదు. ఈ మాట అనడానికి తమకు నోరు రాదు.

డ్రైవర్ల లెక్క సంగతీ ఇక్కడే తేలిపోయింది చూశారా. ఒక్కటి చాలిన చోట తమరు పన్నెండు అంటున్నారు. డ్రైవర్లు పెరిగితే వాటి మధ్య పంపకాలు చూసే క్రాసోవర్ కావాలి, అవి కలిసే చోట స్వరాలు ఒకదానికొకటి అడ్డుపడకుండా చూడాలి. బాగా చేస్తే బాగుంటుంది, చెడగొడితే డ్రైవర్ల సంఖ్య కాపాడదు. అంతిమంగా కర్ణభేరి దగ్గర ఏ పౌనఃపున్యం ఎంత స్థాయిలో చేరిందన్నదే మాకు ముఖ్యం. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్‌లు కొలిచి, ఏ పౌనఃపున్యం ఎంత మోగుతుందో చెప్పే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ ధరకూ సంబంధం కనబడలేదని అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో ప్రచురించాడు. తమ కరపత్రాల్లో చోటు చాలక అది వేయలేదేమో.

పెట్టె మీద ‘5 హెర్ట్జ్ నుంచి 40 కిలోహెర్ట్జ్ వరకు’ అని బంగారు అక్షరాలు. మాకు ఇచ్చిన లైసెన్సే 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, పైగా వయసు పెరిగేకొద్దీ పైకొస నుంచి కోత పడుతుంది. ఎన్ని డెసిబెల్‌ల తేడాలో ఆ పరిధి అందిందో రాయని అంకె మీద మాకు గౌరవం లేదు.

ఆ రెస్పాన్స్ గ్రాఫులు చూసి కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. మాకు పుట్టుకతోనే 3 కిలోహెర్ట్జ్ చుట్టూ శబ్దాన్ని పెంచే గుణం ఉంది. తెరిచి ఉన్న సందు చేసే పని అది. తమరు వచ్చి మూసేశాక ఆ గుణం పోతుంది కనుక, తమ గ్రాఫులో అక్కడ ఎత్తు ఉండి తీరాలి. అది మాకు తమ బాకీ. ఎత్తు తక్కువైతే గొంతులు దుప్పటి చాటు నుంచి వస్తాయి, ఎక్కువైతే అరుస్తాయి. 8 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపించే మొనను మాత్రం అంతగా నమ్మనక్కర్లేదు. కొలిచే కృత్రిమ చెవిలో తమను ఎంత లోతు దూర్చారన్న దాన్ని బట్టి అది పక్కకు జరుగుతుంది. మా విషయంలోనూ అంతే: లోతు తగ్గితే ఆ మొన కిందికి దిగి ‘స’, ‘ష’ అక్షరాల మీద కూర్చుని గుచ్చుతుంది. ఒకరికి తేనెలా వినబడింది మరొకరికి సూదిలా వినబడటానికి కారణాల్లో ఇదొకటి.

తీగ గురించి. వెండి పూత, పదహారు పోగులు, జడ అల్లిక. లెక్క చూద్దాం. తమ ఇంపెడెన్స్, అంటే కరెంటుకు తమరు పెట్టే అడ్డు, ఒక పౌనఃపున్యం దగ్గర 8 ఓమ్‌లు, మరోచోట 40 ఓమ్‌లు అనుకోండి. ఎక్కువ డ్రైవర్లున్న మోడళ్లలో ఇంత ఊగిసలాట వింత కాదు. 10 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే ఆ రెండుచోట్ల మధ్య దాదాపు 5 డెసిబెల్‌ల తేడా వచ్చిపడుతుంది, స్వరమే మారిపోతుంది. 1 ఓమ్ ఉన్నదానికి తగిలిస్తే తేడా 1 డెసిబెల్ లోపే. తీగ మార్చి 0.2 ఓమ్ తగ్గిస్తే? డెసిబెల్‌లో అయిదో వంతుకన్నా తక్కువ. కనుక తీగ కొనబోయేవాడు ముందు ఆంప్లిఫయర్ సంగతి చూసుకోవాలి. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తమ అత్యల్ప ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. తీగలో విలువైనవి వేరే ఉన్నాయి. మెత్తగా ఉండాలి, చొక్కాకు రాసుకున్నప్పుడు బరబరమనకూడదు, చెవి వెనక నుంచి తిప్పినప్పుడు కుదురుగా నిలవాలి. తీగను తమకు తగిలించే కనెక్టర్లలో 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నులది మాటిమాటికీ పీకితే వదులవుతుంది. ఎంఎంసీఎక్స్ అనే గుండ్రటి రకం గిర్రున తిరిగి తిరిగి అరిగితే ఒకవైపు శబ్దం వచ్చిపోతుంటుంది. రెండింటినీ పట్టుకోవాల్సింది కనెక్టర్ దగ్గర, తీగను కాదు. తమ సెన్సిటివిటీ, అంటే కొద్ది కరెంటుకే గట్టిగా మోగే గుణం, మరీ ఎక్కువైతే ఆంప్లిఫయర్ సొంత బుసబుస చెవిలో జోరీగై కూర్చుంటుంది, అదీ చూసుకోవాలి.

తీగ లేని తమ్ముళ్లకు రెండు ముక్కలు. ‘సెకనుకు 990 కిలోబిట్లు’ అని ఎల్‌డాక్ అనే బ్లూటూత్ పద్ధతి పేరున ఊరేగుతారు. చుట్టూ రద్దీ పెరిగితే అదే 330కి దిగుతుంది. పాత ఎస్‌బీసీ పద్ధతి మామూలుగా గరిష్ఠంగా వాడే 328 పక్కనే వచ్చి నిలబడుతుంది. నాయిస్ క్యాన్సిలేషన్ ముఖ్యంగా పనిచేసేది 1 కిలోహెర్ట్జ్ కింద, ఇంజిన్ల గుయ్‌మనే మోత మీద. పక్కవాళ్ల మాటల్లోని పైస్వరాలను ఆపేది మళ్లీ ఆ సిలికాన్ టిప్పే. లోపలి చిప్‌తో స్వరాన్ని సరిదిద్దుకోగలగడం మాత్రం తమ్ముళ్ల నిజమైన బలం, ఒప్పుకుంటాం. కానీ చిక్కుడుగింజంత బ్యాటరీని జిగురుతో అంటించి మూసేస్తారు. రోజూ ఛార్జ్ చేస్తే రెండు మూడేళ్లలో నిలవ తగ్గుతుంది, చాలావాటిలో మార్చే వీలుండదు. విలువ లెక్కలో ధరను ఆ ఏళ్లతో భాగించాలి. తీగ మార్చుకునే వీలున్న మోడల్ ఈ భాగహారంలో చాలాసార్లు ముందుంటుంది.

తమ వంశంలో ఇద్దరిని పోల్చేటప్పుడు జరిగే మోసం కూడా చెప్పేస్తాం. 1 డెసిబెల్ ఎక్కువ మోగినవారు ‘వివరంగా’ వినబడతారు. ఎక్కువ మోగుతున్నారని ఎవరికీ తట్టదు. అందుకే ముందు 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో ఇద్దరినీ ఒకే స్థాయికి తేవాలి. వీలైతే ఒకే రకం టిప్ వేయాలి. 20 సెకన్ల ముక్కను మార్చి మార్చి వినాలి, ఎందుకంటే మాకు స్వరం మీద జ్ఞాపకం బహు పొట్టి. మామూలు మాటల రికార్డింగ్ ఒకటి తప్పక ఉండాలి, మనిషి గొంతు విషయంలో మమ్మల్ని బోల్తా కొట్టించడం కష్టం. 100 గంటలు వాయిస్తే తమరు ‘పక్వానికి’ వస్తారన్న ప్రచారం ఉంది. ఆ లోపల అలవాటు పడేది చాలావరకు మేమూ, మా వెనకున్న మెదడూ. వస్తువు వాపసు ఇచ్చే గడువు కూడా ఇంచుమించు ఆ లోపే ముగియడం తమ అదృష్టం.

వాల్యూమ్ సంగతి వేళాకోళం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్‌లు వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్‌లకూ గంటలు సగమవుతాయి: 83కి 20, 86కి 10. టిప్ సరిగ్గా కూర్చుంటే బయటి రొద తగ్గి, తక్కువ వాల్యూమే చాలుతుంది. తమలో డబ్బు పెట్టదగ్గ గుణం ఏదైనా ఉందంటే మా దృష్టిలో అదే మొదటిది. కుడి ఎడమల స్థాయి సమానంగా ఉండటం, ఒక పీసుకూ మరో పీసుకూ తేడా లేకపోవడం ఆ తర్వాత. మిగిలినదానికి తోలు సంచి సాక్షి.

ఇట్లు,
కుడి, ఎడమ

తా.క. ఒకవైపు శబ్దం తగ్గిందని తమను సర్వీసుకు పంపేముందు నాజిల్ జాలీ వెలుతురులో చూడమనండి, చాలాసార్లు అది మా గులిమి. నాజిల్ నేల వైపు ఉంచి పొడి మెత్తని బ్రష్‌తో దులపాలి. సూదితో పొడిస్తే జాలీ చిరుగుతుంది, నోటితో ఊదితే తేమ లోపలికి పోతుంది, స్పిరిట్ పోస్తే జిగురు ఊడుతుంది. టిప్స్ తీసి సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగాలి. అయినా తక్కువే వినిపిస్తే ఆ చెవిలో రెండో వైపుదాన్ని తెచ్చి పెట్టి చూడాలి. అప్పుడూ తక్కువే వినిపిస్తే తమరిని కాదు, మమ్మల్ని డాక్టర్‌కు చూపించాలి.