కప్పగారి పునరుద్ధరణపై ఒక విన్నపం

డిస్నీ సంస్థ 2004లో మప్పెట్లనే అమెరికన్ టీవీ చేతిబొమ్మలను కొనుక్కున్న తరువాత ఆ బొమ్మలతో తీసిన చిత్రాలూ ధారావాహికలూ వేళ్లమీద లెక్కపెట్టదగినవే. వాటిని ఎలా తీసి ఉండవలసిందో వివరిస్తూ అభిమానులు ప్రతిపాదించిన సిద్ధాంతాలకు మాత్రం లెక్క లేదు. ఒక స్టూడియో ఈ బొమ్మలకు మళ్లీ ప్రాణం పోయగలదా లేదా అన్న వాదం ఇరవై ఏళ్లుగా నడుస్తున్నది. అందులో పాల్గొనేవారి ఓర్పునూ, జ్ఞాపకశక్తినీ, పరస్పర తిరస్కారాన్నీ గౌరవభావంతో గమనిస్తూ వచ్చిన వాడిగా నా అభిప్రాయం ఒకటి సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఈ వాదం ఎన్నటికీ తేలకూడదు. తేలితే నష్టపోయేది స్టూడియో కాదు, అభిమానులే.

విషయం తెలియని పాఠకుల కోసం కొంత పూర్వచరిత్ర చెప్పాలి. 1955లో మప్పెట్ల సృష్టికర్త జిమ్ హెన్సన్ అనే యువకుడు తన తల్లి పాత కోటును కత్తిరించి, పింగ్‌పాంగ్ బంతిని రెండు చెక్కలు చేసి కళ్లుగా అమర్చి, కెర్మిట్ అనే బొమ్మను కుట్టాడు. అప్పటికి అది కప్ప కూడా కాదు. బల్లికి దగ్గరి చుట్టంలా కనిపించే ఏదో జీవి. కప్ప హోదా తరువాత దక్కింది. (నేటి అభిమానులు ఆనాడే ఉండి ఉంటే, అసలు స్వరూపాన్ని మంటగలిపారని ఆ హోదాను తప్పక వ్యతిరేకించేవారు.) బొమ్మలతో పెద్దల కార్యక్రమం ఏమిటని అమెరికాలోని పెద్ద టీవీ సంస్థలు మొహం తిప్పుకోగా, బ్రిటన్‌లో లూ గ్రేడ్ అనే టీవీ అధిపతి డబ్బు పెట్టడంతో, 1976 నుంచి 1981 వరకు లండన్ శివారులోని ఎల్‌స్ట్రీలో ‘ది మప్పెట్ షో’ 120 భాగాలుగా తయారై వందకు పైగా దేశాలు తిరిగింది.

ఆ కార్యక్రమం దేని గురించో ఒకసారి నిదానంగా గుర్తు చేసుకోవడం మంచిది, ఎందుకంటే దాన్ని ప్రేమించేవారే ఆ సంగతి అందరికంటే ముందు మరచిపోతారు. అదొక శిథిలమైన నాటకశాల కథ. దాన్ని నడిపే కప్పకు ఏ రాత్రీ ఏ అంశమూ సవ్యంగా జరగదు. ఫాజీ అనే ఎలుగుబంటి హాస్యగాడే గాని అతడి హాస్యానికి ఎవరూ నవ్వరు. గాంజో అనే ఫలానా జాతి అని చెప్పలేని జీవి చేసే విన్యాసాలన్నీ పేలిపోతాయి. మిస్ పిగ్గీ అనే పంది తానే కథానాయికనని నమ్ముతుంది, నమ్మనివారిని ఒక్క గుద్దుతో నమ్మిస్తుంది. పైన బాల్కనీలో స్టాట్లర్, వాల్డార్ఫ్ అనే ఇద్దరు ముసలివారు కూర్చుని జరిగినదాన్నంతా ఆక్షేపిస్తూ ఉంటారు. తామెందుకు ప్రతిసారీ ఇక్కడికి వస్తున్నామో ప్రారంభ గీతంలోనే వారికి అంతుబట్టదు. వారం తిరిగేసరికి అదే కుర్చీల్లో మళ్లీ ఉంటారు.

అంటే ఈ కార్యక్రమపు ముడిసరుకే వైఫల్యం. వైఫల్యాన్ని వస్తువుగా తీసుకుని విజయం సాధించిన ఆ కార్యక్రమాన్ని ఇప్పుడు విజయవంతంగా పునరుద్ధరించాలని అభిమానులు కోరుతున్నారు. విఫలమైన ప్రతి పునరుద్ధరణనూ మూలానికి ద్రోహమంటున్నారు. స్టూడియో తీసిన ధారావాహిక ఏడాదికే ఆగిపోవడం కెర్మిట్ సంప్రదాయానికి అత్యంత విధేయమైన కొనసాగింపు అని వాదించే అభిమాని ఇంతవరకు నా కంటపడలేదు. అటువంటివారు ఎవరైనా ఉంటే వారికి నా నమస్కారాలు.

‘ఆ పాత స్థాయి’ అని అందరూ అనే మాటను కూడా కొంచెం పరీక్షించవలసి ఉన్నది. మొదటి సీజన్‌లో బొమ్మల పక్కన నిలబడటానికి పేరున్న అతిథులు వెనకాడేవారు. రెండో సీజన్‌లో రుడాల్ఫ్ నూరెయెవ్ అంతటి బ్యాలే నర్తకుడు వచ్చి ఒక పందితో నాట్యం చేసి వెళ్లాకే తక్కిన ప్రముఖులకు ధైర్యం వచ్చింది. నేటి అభిమానుల చేతికి ఆ మొదటి సీజన్ కొత్తగా అంది ఉంటే, నాలుగో భాగం నాటికి దానికి అంత్యక్రియలు ముగించి, నూరెయెవ్ వచ్చే వేళకు సంవత్సరీకం జరుపుకుంటూ ఉండేవారు. కానీ జ్ఞాపకం 120 భాగాలనూ ఒకే రాత్రిగా కుదించి, ఆ రాత్రిలో పేలని జోకులన్నిటినీ తీసివేస్తుంది. ఆ సవరించిన ప్రతితోనే ఇప్పుడు తీసే ప్రతి నిమిషాన్నీ పోల్చి చూస్తారు.

ఇక గొంతు సమస్య. ఇదే ఈ వాదానికి గుండెకాయ. మప్పెట్‌ను ఆడించే కళాకారుడు ఒక చేతిని తల పైకెత్తి బొమ్మ తలలో పెట్టి, రెండో చేత్తో సన్నని కడ్డీతో దాని చేతిని కదిలిస్తూ, కెమెరా కంటికి దొరకకుండా కింద నక్కి, తాను చేసేది ఒక చిన్న తెరలో చూసుకుంటూ మాట్లాడతాడు, పాడతాడు, కోప్పడతాడు. ఆటా గొంతూ ఒకే మనిషివి. అందువల్ల మనిషి పోతే పాత్ర ఏమవుతుందన్నది నిజంగానే బరువైన ప్రశ్న. హెన్సన్ 1990 మే 16న, 53 ఏళ్ల వయసులో, హఠాత్తుగా మరణించాడు. స్టీవ్ విట్‌మైర్ కెర్మిట్‌ను అందుకున్నాడు. ఆ మరుక్షణం నుంచి ఇది కెర్మిట్ కాదని ఒక వర్గం ప్రకటించింది. పాతికేళ్లకు పైగా ఆ వర్గం తన మాట మీద నిలబడింది. 2016లో స్టూడియో విట్‌మైర్‌ను తప్పించి మ్యాట్ వోగెల్‌కు ఆ బాధ్యత ఇచ్చింది. మరుసటి ఏడు సంగతి బయటపడింది. అప్పుడు అదే వర్గంలో చాలామంది విట్‌మైర్‌దే అసలైన కెర్మిట్ గొంతు అని కన్నీరు పెట్టుకున్నారు. దీన్ని బట్టి ఒక సూత్రం చెప్పవచ్చును: అసలైన కెర్మిట్ ఎప్పుడూ ఇప్పటి కెర్మిట్‌కు ముందువాడు. వోగెల్ తన వంతు వచ్చేవరకు ఓపిక పట్టాలి. తాను తప్పుకున్న మర్నాడు అతడూ అసలైనవాడే అవుతాడు.

ఫ్రాంక్ ఆజ్ తరువాత పిగ్గీనీ ఫాజీనీ ఎత్తుకున్న ఎరిక్ జేకబ్సన్ రెండు దశాబ్దాలకు పైగా ఆ పని చేస్తున్నాడు. అతడిని ఇంకా ‘కొత్తాయన’ అనేవారున్నారు. మన ఇళ్లలో పెళ్లయి మనవలెత్తినా కొత్త కోడలనిపించుకునేవారు ఉన్నారు కనుక ఈ అలవాటును నేను విదేశీ వింతగా భావించను.

యాజమాన్యం సంగతి త్వరగా ముగిస్తాను. హెన్సన్ తానే 1989లో డిస్నీకి అమ్మడానికి ఒప్పుకున్నాడు. ఆయన పోవడంతో ఆ బేరం చెడింది. 2000లో ఈఎం.టీవీ అనే జర్మన్ సంస్థ 68 కోట్ల డాలర్లకు హెన్సన్ కంపెనీని కొని, వెంటనే చితికిపోయి, సెసేమి స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలోని పాత్రలను ఆ కార్యక్రమపు సంస్థకే అమ్ముకుని, మిగిలినదాన్ని 2003లో హెన్సన్ పిల్లలకే ఎంతో తక్కువకు వదిలించుకుంది. ఆ పిల్లలు మరుసటి ఏడాదే మప్పెట్లను డిస్నీకి ఇచ్చారు. కాబట్టి డిస్నీ చేతిలో పడటమే అన్ని అనర్థాలకూ మూలమని వాదించేవారు, ఆ చేతిలో పెట్టాలని మొదట తలచినది ఎవరో చెప్పే పేజీని జాగ్రత్తగా దాటవేస్తారు.

స్టూడియో ప్రయత్నించలేదని ఎవరూ అనలేరు. 2011 నాటి ‘ది మప్పెట్స్’ చిత్రం కథే పునరుద్ధరణ: లోకం మరచిన బొమ్మలను ఒక వీరాభిమాని కూడగట్టి, వారి పాత నాటకశాలను చమురు వ్యాపారి బారి నుంచి కాపాడబోతాడు. ఆ అభిమాని కూడా ఒక బొమ్మే అన్న సూచనను అభిమానులు పెద్ద మనసుతో పట్టించుకోలేదు. ఒక పాటకు ఆస్కార్ వచ్చింది, ప్రపంచవ్యాప్తంగా సుమారు 16.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అందరూ సంతోషించినట్లు కనిపించిన ఆ కొద్ది నెలలూ అభిమాన లోకానికి గడ్డుకాలం. అదృష్టవశాత్తు 2014లో రెండో చిత్రం వచ్చింది. కొనసాగింపులు మొదటిదానంత బాగుండవని తన మొదటి పాటలోనే చెప్పి, వసూళ్లు సగానికి పడిపోవడంతో ఆ మాట నిలబెట్టుకుంది.

2015లో ఏబీసీ చానల్‌లో కొత్త ధారావాహిక. ఆఫీసు బతుకుల మీద తీసే నకిలీ డాక్యుమెంటరీల ధోరణిలో, కెర్మిట్, పిగ్గీ విడిపోయారన్న ప్రకటనతో మొదలైంది. కప్పకు మరో పంది ప్రేయసి దొరికింది. కప్పకూ పందికీ మధ్య దాంపత్య ధర్మం భంగమైందని పెద్దమనుషులు కలతచెందిన ఆ రోజులను తలచుకుంటే ఇప్పటికీ నా మనసు ఆర్ద్రమవుతుంది. మధ్యలో కథా నిర్వాహకుణ్ణి మార్చినా లాభం లేక 16 భాగాలకు ఆగిపోయింది. 2020లో ‘మప్పెట్స్ నౌ’ ఆరు భాగాలు. 2021లో ఒక దెయ్యాల మేడ ప్రత్యేక కార్యక్రమం. 2023లో మప్పెట్ల వాద్యబృందాన్ని ముందుపెట్టి పది భాగాలు. అదీ ఒక్క సీజనే.

ఇన్నిటిలో ఒక్కటి మాత్రం ఇప్పటికీ మచ్చలేకుండా నిలిచి ఉంది. నటుడు జాష్ గాడ్ తదితరులు డిస్నీ ప్లస్ కోసం తలపెట్టిన ‘మప్పెట్స్ లివ్ అనదర్ డే’ అనే ధారావాహిక 2019లో మొదలుకాకుండానే రద్దయింది. దాని గొంతులు తప్పని ఎవరూ అనలేదు. జోకులు పేలలేదని అనలేదు. పిల్లల స్థాయికి దిగజారిందనో, పెద్దల స్థాయికి ఎగబాకిందనో ఫిర్యాదు రాలేదు. అది వచ్చి ఉంటే అన్నీ చక్కబడేవని చెప్పేవారు నేటికీ ఉన్నారు. డిస్నీ యుగంలో ఇంత ఏకాభిప్రాయం మరే మప్పెట్ కృతికీ దక్కలేదు.

నా విన్నపానికి ఆధారం ఇదే. స్టూడియో ఇకపై పునరుద్ధరణలు తీయడం మాని, ప్రకటించడంతో సరిపెట్టుకోవాలి. ఎర్ర తెర ముందు కప్ప నీడ ఉన్న బొమ్మ ఒకటి, ‘త్వరలో’ అన్న మాట ఒకటి చాలు. మొదటి ఆరు నెలలు అభిమానులు ఆశతో, ఆశపడవద్దని ఒకరినొకరు హెచ్చరించుకుంటూ గడుపుతారు. తరువాత రచయిత పేరు బయటపెట్టాలి. అతడు పదేళ్ల కిందట రాసిన వేరే ధారావాహికను తవ్వి తీయడానికి మరో ఆరు నెలలు. ఆపై, కంప్యూటర్ బొమ్మలు వాడబోమని ఎవరూ అడగకముందే ఒక ఖండన ఇస్తే, వాడబోతున్నారన్న అనుమానం దానంతట అదే పుడుతుంది. చివరికి సృజనాత్మక విభేదాల వల్ల విరమించుకున్నామని చెప్పి, సంతాపానికి తగిన వ్యవధి ఇచ్చి, మళ్లీ కొత్తగా ప్రకటించాలి. వాటాదారులకు ఖర్చు తప్పుతుంది, విమర్శకులకు శ్రమ తప్పుతుంది, కెర్మిట్ భుజాలకు విశ్రాంతి దొరుకుతుంది.

అభిమానులు సమర్పించిన కోర్కెల పట్టికను చదివినవారెవరికైనా ఇంతకు మించిన మార్గం తోచదు. కార్యక్రమం అచ్చం పాతదానిలా ఉండాలి, పాతదాన్ని కాపీ కొట్టకూడదు. నేటి ప్రముఖులు అతిథులుగా రావాలి, అభిమానులకు తెలియని ముఖం ఒక్కటీ ఉండకూడదు. పిల్లలు చూడాలి, కాని వారి కోసం తీసినట్లు కనిపించకూడదు. కెర్మిట్ ఎదగాలి, మారకూడదు. ఇవన్నీ తీర్చగల కార్యక్రమం ఇంకా తీయనిది ఒక్కటే.

ఇక్కడ మన తోలుబొమ్మలను తలచుకోకుండా ఉండలేను. రామాయణం నడుమ జొరబడి రావణుణ్ణి సైతం ఆటపట్టించే కేతిగాడూ బంగారక్కా ఏ స్టూడియో ఆస్తీ కారు. ఎవరూ వారిని కొనలేదు, కనుక ఎవరూ చెడగొట్టలేదు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కేతిగాడి గొంతు మారిందని బాల్కనీలో కూర్చుని తిట్టేవారు మాత్రం మిగలలేదు. ఆ ఊళ్లో తోలు మీద చెక్కే చేతులు ఇప్పుడు దీపపు తొడుగులూ చేస్తున్నాయి. తిట్టేవాళ్లున్న బొమ్మ భాగ్యం ఎంతటిదో మప్పెట్ అభిమానులకు తెలియదు.

వారి భక్తికి ఒక నిదర్శనం కూడా చెప్పాలి. హెన్సన్ చివరి పనుల్లో ఒకటైన ‘మప్పెట్ విజన్ త్రీడీ’ అనే త్రీడీ చిత్ర ప్రదర్శన ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో 1991 మే 16న, అంటే ఆయన తొలి వర్ధంతి నాడు, మొదలై, 2025 జూన్‌లో మూతపడింది. 34 ఏళ్లపాటు ఆ ప్రేక్షకశాలను ఎండ పడలేక చల్లగాలి కోసం దూరినవారు గౌరవంగా కాపాడుకుంటూ వచ్చారు. మూసివేస్తున్నారనగానే అభిమానులంతా దాన్ని ఎంత ప్రేమిస్తున్నదీ లోకానికి తెలిసింది.

నా విన్నపం ఇలా సిద్ధమవుతుండగానే స్టూడియో ఒక తొందరపాటు పని చేసింది. ‘ది మప్పెట్ షో’ యాభయ్యో ఏట, 2026 ఫిబ్రవరిలో, అదే పేరుతో, అదే పాత నాటకశాలలో, గాయని సబ్రినా కార్పెంటర్ అతిథిగా, నటుడు సేథ్ రోగన్ నిర్మాతల్లో ఒకరుగా ఒక ప్రత్యేక కార్యక్రమం తీసి, దాన్ని నిజంగానే ప్రసారం చేసింది. నకిలీ డాక్యుమెంటరీ లేదు, విడాకులు లేవు. నాటకశాల, కప్ప, గందరగోళం, బాల్కనీలో ఇద్దరు ముసలివారు. అభిమానులు దశాబ్దాలుగా అడిగినది దాదాపు అడిగినట్టే ఇచ్చేశారు. ఇంతటి బాధ్యతారాహిత్యాన్ని నేను ఊహించలేదు. కొందరు అభిమానులు బాగుందని బహిరంగంగా ఒప్పుకున్నారు. అయితే బాల్కనీ వర్గం వెంటనే తేరుకుని, ఇంత తేలిగ్గా చేయగలిగినప్పుడు ఇరవై ఏళ్లు ఎందుకు చేయలేదని ఒక ప్రశ్న, ఒక్కటే ఎందుకు తీశారని రెండో ప్రశ్న, ఎక్కువ తీస్తే చెడగొట్టరని హామీ ఏమిటని మూడో ప్రశ్న లేవనెత్తి పరిస్థితిని చక్కదిద్దింది.

పైగా మిస్ పిగ్గీ కథానాయికగా తానూ ఎమా స్టోన్ కలిసి ఒక చిత్రం నిర్మించబోతున్నామని నటి జెన్నిఫర్ లారెన్స్ ఇదివరకే బయటపెట్టి ఉన్నారు. ఆ ఒక్క మాట మీద మూడు వర్గాలు ఏర్పడ్డాయి: పిగ్గీ ఒంటరిగా చిత్రాన్ని మోయలేదనేవారు, పిగ్గీ తప్ప మరెవరూ మోయలేరనేవారు, కెర్మిట్‌కు పాత్ర ఎంత ఉంటుందో తేలేవరకు అభిప్రాయం చెప్పబోమని రోజూ చెబుతున్నవారు. తీస్తారా లేదా అని చూడకుండా, తీయకుండా ఉండటమే మేలని ముందుగానే తీర్మానించుకున్న నాలుగో వర్గం ఒకటి నేను ప్రారంభించాను. ప్రవేశ రుసుము లేదు, చిత్రం చూసి ఉండాలన్న నిబంధన అంతకన్నా లేదు.